గవ్వను కారెక్కించిన శనివారం

పదో తరగతి తరువాత రామకోటి పుస్తకంలో తప్ప నేను ఎక్కడా నాలుగు మాటలు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కోపం వచ్చి. మా కుక్క గవ్వ తన కొత్త కారు సీటు పాడుచేసిందని మా బావగారు బంధువుల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. కింద "మా మరదలి ముద్దుల కూతురు" అని రాశారు. ఇరవై మంది నవ్వే బొమ్మలు పెట్టారు. అందులో ఒక్కరు కూడా ఆ మూగజీవికి ఏమైందని అడగలేదు. చిన్న కుక్కను వెంటబెట్టుకుని కారులో దూరం వెళ్ళాలనుకునే వాళ్ళకు ఉపయోగపడుతుందని, గ్రూపులో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

గవ్వ తెల్లటి పొమేరియన్. నాలుగు కిలోలుంటుంది, మూడేళ్ళుగా మాతో ఉంది. మేముండేది అబిడ్స్ వెనక గల్లీలో, రెండో అంతస్తులో. మావారి ఆఫీసు సంగారెడ్డికి మారడంతో ఇల్లు కూడా అక్కడికే మార్చవలసి వచ్చింది. పోయిన నెల ఆ ఇల్లు చూడడానికి బావగారి కారులో బయలుదేరాం. వర్జ్యం పోలేదని ఆయన కారు తలుపులు మూసి, ఏసీ పెట్టి, అందరినీ ఇరవై నిమిషాలు లోపలే కూర్చోబెట్టారు. అద్దం దగ్గర పెట్టిన సెంటు డబ్బా వాసనకు నాకే తల తిరిగింది. నాంపల్లి స్టేషను దాటకముందే గవ్వ కక్కేసింది. ఇంటికి వచ్చాక మావారు ఒకటే మాట అన్నారు. "ఆదివారం సామాను లారీ వస్తుంది. మనం అన్నయ్య కారులో వెళ్దాం. దీన్ని వాచ్‌మన్ దగ్గర వదిలేద్దాం." వాచ్‌మన్ దగ్గరంటే మోటారు గది పక్కన గొలుసుకు కట్టెయ్యడమే. ఇంట్లో నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు కూడా దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

లారీ వచ్చేలోపు గవ్వకు కారు అలవాటు చేసి చూపించాలని శనివారం పొద్దున ఏడున్నరకు బుట్టలో పెట్టుకుని బయలుదేరాను. ఫోనులో బుక్ చేసిన మొదటి కారతను బుట్టలో తోక చూసి రద్దు చేసుకున్నాడు. రెండో అతను అద్దం కూడా దించలేదు. మెట్రోలోకి కుక్కలను రానివ్వరు. పావుగంట నడిచి నాంపల్లి స్టేషను బయట కిరాయి కార్లు ఆగే చోటికి వెళ్ళాను. అక్కడ యాదగిరి అనే డ్రైవరు కనిపించాడు. నల్లగొండ వైపు మనిషి, నా వయసే ఉంటుంది. ఎక్కడికీ వెళ్ళేది లేదు, కుక్కకు అలవాటు కావడానికి ఊరికే తిప్పాలని చెప్పాను.

"కుక్కకు షహర్ సూపిస్తరా అమ్మా?" అని నవ్వాడు. సాయంత్రం దాకా పన్నెండు వందలకు ఒప్పుకున్నాడు. నేను అడగకుండానే దేవుడి పటం దగ్గర వెలుగుతున్న అగరుబత్తి తీసి బయట పారేశాడు.

మొదటి తిరుగుడు మొజంజాహీ మార్కెట్ దాకానే సాగింది. పళ్ళ దుకాణాల ముందు ట్రాఫిక్‌లో ఆగామో లేదో గవ్వ నా చీర మీదే కక్కింది. యాదగిరి కారు పక్కకు తీసి, నీళ్ళ సీసా ఇచ్చి, చీర మీద పడినదాన్ని ఒక నిమిషం చూశాడు.

"ఏం తినిపిచ్చిన్రు అమ్మా దీనికి?"

"పెరుగన్నం. చక్కెర వేసి పెట్టాను. ప్రయాణానికి ముందు పెరుగు నోట్లో పెట్టకుండా మా ఇంట్లో ఎవరినీ గడప దాటనివ్వను."

"గదే మరి. కడుపు నిండ బువ్వ పెట్టి బండెక్కిస్తే నాకే ఆగదు. గింతంత పాణం, దానికేడ ఆగుతది?"

నాకు ఒళ్ళు మండింది. మా అత్తగారు గుంటూరు నుంచి వెంట తెచ్చిన పద్ధతి అది. ఆవిడ పోయేదాకా తప్పలేదు, నేనూ తప్పలేదు. దారిన పోయే డ్రైవరు వచ్చి దాన్ని తప్పుపట్టడమేమిటని అతనికి చెప్పాను కూడా. నా జన్మలో పరాయి మగవాడితో అంత పెద్దగా మాట్లాడింది అదే మొదలు. అతను కోపం తెచ్చుకోలేదు.

"నేను వద్దంటలేనమ్మా. పెరుగు మీరు తినున్రి. పోయేది మీరు, అది మీ ఎంబడి వచ్చేది. శకునానికి ఒక్కలు తింటే సాలదా?"

మూడేళ్ళలో గవ్వ ఎక్కిన ప్రతి కారూ గుర్తుకొచ్చింది. సూదిమందుకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా బయలుదేరే ముందు ఆ గిన్నె పెట్టింది నేనే. బావగారి సెంటు మీద, మావారి మాట మీద మండిపడుతున్న నేను కూడా దాని కడుపులో ఏముందని ఒక్కసారి ఆలోచించలేదు.

అక్కడి నుంచే హిమాయత్‌నగర్‌లోని కుక్కల డాక్టరమ్మకు ఫోను చేశాను. ప్రయాణానికి నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టవద్దు, నీళ్ళు కొంచెం కొంచెంగా ఇవ్వాలి, ముఖం ముందుకు ఉండేలా పట్టీతో కూర్చోబెట్టాలి, కిటికీ రెండు వేళ్ళు దించాలి, సెంటు వద్దు, ముందు చిన్న దూరాలు తిప్పాలి అని చెప్పింది. బావగారు తాను వేసుకునే నిద్రమాత్రలు శుక్రవారమే పంపారు, కుక్కను తేక తప్పదంటే సగం మాత్ర పాలలో కలిపి పట్టమన్నారు. అది అడగగానే ఆవిడ గొంతు మారిపోయింది. "వద్దండీ. మీరు వేసుకునే మాత్ర నాలుగు కిలోల ప్రాణానికి అంచనా మీద ఇస్తారా? ఆ నిద్రలోనే పోతుంది." ఆ మాత్రలు అప్పుడు నా చేతి సంచిలోనే ఉన్నాయి. కక్కుకున్న కుక్కకు ఫోటో తీయడానికి తీరిక ఉన్న మనిషికి, మాత్ర పంపే ముందు ఒక డాక్టరును అడగడానికి తీరిక లేకపోయింది.

గవ్వ కడుపు ఖాళీ అయ్యేలోపు యాదగిరి వేరే కిరాయికి వెళ్ళి మళ్ళీ వస్తానన్నాడు. నేను ఎగ్జిబిషన్ మైదానం గోడ నీడన కూర్చుని, గవ్వకు మూతతో నీళ్ళు పడుతూ నామం చెప్పుకున్నాను. పన్నెండుకు అతను వచ్చాడు. ముందు ఇంజను వెయ్యకుండా ఐదు నిమిషాలు ఊరికే లోపల కూర్చున్నాం. తరువాత అసెంబ్లీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. గవ్వ చొంగ కార్చింది, ఆవలించింది, కక్కలేదు. కాసేపు కింద నడిపించి మళ్ళీ ఎక్కించాం. మూడోసారి లక్డీకాపూల్ మీదుగా ట్యాంక్‌బండ్ చుట్టి అబిడ్స్‌లో మా గల్లీ ముందు దిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. అది నా ఒళ్ళో నిద్రపోతోంది. "రేపు సంగారెడ్డికి నేనే దోల్క పోత, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు యాదగిరి.

ఆదివారం ఎనిమిదింటికి లారీ కదిలింది. బావగారు కారు తలుపు తెరిచి నిలబడ్డారు. దేవుడి ముందు పెట్టిన పెరుగు నేను తిని, మాత్రల అట్ట ఆయన చేతిలో పెట్టాను. "గవ్వా నేనూ వేరే కారులో వస్తున్నాం బావగారూ" అన్నాను. మావారు అన్నగారి కారులోనే ఎక్కారు. పటాన్‌చెరు మీదుగా రెండు గంటలు, మధ్యలో రెండుసార్లు ఆగాం. యాదగిరి రెండువేల రెండువందలు తీసుకున్నాడు. అతని సీటు మీద నాలుగు తెల్లవెంట్రుకలు తప్ప ఏమీ పడలేదు. బావగారు సీటును వంగి వంగి చూసి "ఏదో ఈసారికి కలిసొచ్చింది" అన్నారు. అది కలిసిరావడమట!

ఈ ప్రయాణంలో నాకు తెలిసింది ఒకటే. నోరున్న వాళ్ళం అందరం మన సౌకర్యం చూసుకుని, మన భక్తి చూసుకుని, చివరికి తప్పు నోరులేని దాని మీద వేస్తాం. అలా వేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను, అందుకే కోపం ఇంకా చల్లారలేదు. మీరు కూడా కుక్కతో బయలుదేరుతుంటే దాని గిన్నె నాలుగు గంటల ముందే కడిగి బోర్లించండి, శకునం పెరుగు మీరు తినండి. ఈ పేజీలు పనికొస్తాయనిపిస్తే మీ దగ్గర దాచుకోండి. మా బంధువులెవరైనా మీకు తెలిసినవాళ్ళయితే మాత్రం దయచేసి వాళ్ళకు చూపించకండి. ఆ మాత్ర పట్టి ఉంటే ఏమయ్యేదో బావగారికి ఇంకా చెప్పలేదు. అది ఆయన ఎదుట నిలబడి నేనే చెప్పాలి.