నర్సమ్మ చెప్పిందట!

ఇల్మారికి ఉన్న జబ్బు షుగరొక్కటే అని ఫిన్లాండు సముద్రతీరాన ఉన్న రాహె ఊళ్లో అందరూ అనుకునేవారు. నిజానికి ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉండేది. ఏ పని కావాలన్నా అది తనకు కావాలని చెప్పేవాడు కాదు, నర్సమ్మ చెప్పిందనేవాడు. ఆయన షుగరు బయటపడిన ఏడాదిలో ఆ ఊళ్లో ఈ మాట వినని చెవి లేదు.

చిక్కల్లా ఒక్కటే. నర్సు మార్కెత్తా ఆ మాటల్లో ఒక్కటి కూడా చెప్పి ఉండలేదు.

ఆరోగ్య కేంద్రంలో షుగరు రోగులను చూసేది మార్కెత్తా. యాభై నాలుగేళ్ల మనిషి. మాట కచ్చితం, చెప్పులు కూడా చప్పుడు చెయ్యవు. మొదటి రోజున ఆమె ఇల్మారికి చెప్పినవి నాలుగే. దాల్చినచెక్క బన్నులు తగ్గించండి, ముతక రై ధాన్యపు రొట్టె తినండి, రోజూ అరగంట నడవండి, మూడు నెలలకొకసారి రక్తపరీక్షకు రండి. అవన్నీ అరకాగితం మీద రాసిచ్చింది. ముప్పయ్యారేళ్లు ఊరి బస్సు నడిపి రిటైరైన ఆ పెద్దమనిషి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో దాచుకున్నాడు. ఆ తర్వాత ఆ కాగితం ఆ జేబులోనే పిల్లలు పెట్టడం మొదలుపెట్టింది.

సంగతి మార్కెత్తాకు మొదట కిరాణా దుకాణంలో తెలిసింది. పాల డబ్బాల దగ్గర ముక్కూ మొహం తెలియని ఒకావిడ ఆమె దారికి అడ్డం నిలబడింది.

"మీరేనా నర్సు మార్కెత్తా?"

"అవునండీ."

"ఇల్మారికి రొట్టె ఇంట్లో చేసిందే పెట్టాలనీ, పాత పులిపిండితోనే చెయ్యాలనీ, అదీ నా చేత్తోనే చెయ్యాలనీ మీరు చెప్పారటగా?"

"నేనా?"

"నా పేరు కూడా రాసిచ్చారట."

"ఇంతకీ మీ పేరేమిటండీ?"

"హిల్కా."

"మీ పేరు నాకు ఇప్పుడే తెలిసింది."

హిల్కా కళ్లు చిట్లించి నవ్వింది. "ఆయన ముందే చెప్పాడులెండి. నర్సమ్మకి మొహమాటం ఎక్కువ, అడిగితే ఒప్పుకోదని." వెంటనే బుట్టలో రెండు కిలోల రై పిండి వేసుకుని వెళ్లిపోయింది.

తర్వాత వంతు రెయ్నోది. ఓడరేవులో క్రేను తోలి రిటైరైన రెయ్నో ఏడాదికి మాట్లాడే మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద పడతాయి. ఫ్లూ టీకాకు వచ్చి, చొక్కా చెయ్యి మడిచి, సూది దిగాక ఉన్నట్టుండి నోరు తెరిచాడు.

"ఎడమ పక్కా?"

"లేదండీ, కుడి భుజానికే వేశాను."

"నడకలో."

రెయ్నో నోటి నుంచి అసలు విషయం లాగడానికి ఆమెకు పావుగంట పట్టింది. షుగరున్నవాళ్లు నడుస్తూ నడుస్తూ ఎడమ పక్కకు ఒరుగుతారట. కాబట్టి ఆ పక్కన ఒక బలమైన మనిషి నడవాలని నర్సమ్మ చెప్పిందట. ప్రతి మంగళవారం, గురువారం, పొద్దున్న పదింటికి, పడవల రేవు దగ్గర. ఆ బలమైన మనిషి రెయ్నో.

పశువుల డాక్టరుగా చేసి మానేసిన తాయిస్తో అయితే నేరుగా ఫోనే చేశాడు. "అమ్మా, షుగరు పడిపోతే కుక్కలు వాసన పట్టి చెబుతాయని మీరన్నారట. నా కుక్కను రోజూ తీసుకురమ్మంటున్నాడు. దానికి ముక్కు పనిచెయ్యక మూడేళ్లయింది."

"మీరా మాట ఆయనతో అన్నారా?"

"అన్నాను. నర్సమ్మ ముసలి కుక్కే కావాలంది, దానికైతే అనుభవం ఉంటుంది అన్నాడు."

ఇల్మారి వచ్చినప్పుడల్లా మార్కెత్తా ఈ విషయం నిలదీద్దామనుకునేది. కానీ ఆయన కుర్చీలో కూర్చోగానే బస్సు కథలు మొదలయ్యేవి. ఫలానా స్టాపులో ఫలానా ఆవిడ పదేళ్లు ఎర్ర టోపీతో ఎక్కేది, ఫలానా ఆయన ఎప్పుడూ డ్రైవరు వెనక సీటే అడిగేవాడు. ఈలోగా తరువాతి రోగి తలుపు తట్టేవాడు. పైగా ఆ నడక పనిచేస్తోంది కూడా. రక్తంలో షుగరు మూడు నెలల సగటు ఏడు నుంచి ఆరు పాయింట్ ఏడుకు దిగింది. పనిచేస్తున్న దాన్ని ఎందుకు కదపాలి అని ఊరుకుంది.

ఆ తరువాతి పరీక్షలో అది ఏడు పాయింట్ రెండయింది.

"బన్నులేమైనా?" అంది మార్కెత్తా.

"ఒట్టు. హిల్కా రొట్టె తిన్నాక బన్ను నమలడానికి దవడలో ఓపిక ఎక్కడుంటుంది?"

"అయితే తప్పు మీది కాదు. కొందరికి తిండి, నడక సరిపోతాయి. కొందరికి కొన్నాళ్లు సరిపోయి, తర్వాత ఒంట్లో ఇన్సులిన్ చాలదు. మాత్ర గురించి ఆలోచిద్దాం."

"మూడు నెలలు గడువివ్వండి."

ఇచ్చింది. అడగదగ్గ గడువే అది. ఆయన ఇంకో అరగంట ఎక్కువ నడిచాడు. బంగాళదుంపలు సగం చేశాడు. బరువు నాలుగు కిలోలు తగ్గాడు. మూడు నెలల తర్వాత ఫలితం ఏడు పాయింట్ ఎనిమిది.

ఆ రోజు మార్కెత్తా ఆయన మేజోళ్లు విప్పించి, కళ్లు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ దారంతో పాదాలు పరీక్షించింది. "తగిలినప్పుడు చెప్పండి."

"ఇదిగో. ఇదిగో. ఇక్కడ కూడా." తర్వాత ఆయన కాసేపు ఊరుకున్నాడు. "ఏం నర్సమ్మా, ఆపేశారా?"

"ఎడమ బొటనవేలి మీద మూడుసార్లు తాకించాను."

ఇల్మారి కళ్లు తెరిచి తన వేలు వైపు చూశాడు. దాన్ని ఆడించి చూశాడు. అది మామూలుగానే ఆడింది. 

"డాక్టరు గారు కూడా రక్తపరీక్ష ఫలితం చూశారు. ఇక ఆగకూడదన్నారు" అంది మార్కెత్తా మెల్లగా. "ఇవాళ వేలు. తర్వాత కళ్లు, మూత్రపిండాలు. నడక చెయ్యగలిగిందంతా చేసింది. దానికి తోడు మాత్ర ఒకటి కావాలి."

"ఇంకో మూడు నెలలు."

"కుదరదు."

"మాత్ర వద్దండీ."

"ఎందుకు వద్దు? భయమా?"

"కాదు."

"మరి కారణం?"

ఇల్మారి అటూ ఇటూ చూశాడు. ఏడాది నుంచి నాలుకకు పట్టిన అలవాటు దానంతట అదే బయటికొచ్చేసింది. "నర్సమ్మ వద్దని చెప్పింది."

"ఏ నర్సమ్మ?"

ఆయన మేజోళ్లు జేబులో కుక్కుకుని, ఒట్టి కాళ్లను బూట్లలో దూర్చుకుని వెళ్లిపోయాడు.

మార్కెత్తాకు ఒళ్లు మండింది. మనిషి పాదం మొద్దుబారుతుంటే ఈ నాటకాలేమిటి? తన పేరుతో ఊరంతా చాటింపు వేస్తున్నవాడు తను నిజంగా చెప్పిన ఒక్క మాటా వినడా? గురువారం పొద్దున్న రెండు గంటలు సెలవు పెట్టి, మంచు మీద జారకుండా బూట్లకు మేకుల పట్టీలు తగిలించుకుని, తిన్నగా పడవల రేవుకు వెళ్లింది. అందరి ముందే కడిగేద్దామని.

మార్చి నెల. సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది. అప్పటికే అక్కడ తొమ్మిదిమంది నడక కర్రలతో నిలబడి ఉన్నారు. ఫిన్లాండు మనుషులు నిలబడవలసిన పద్ధతిలోనే, ఒకరికొకరు రెండు గజాల దూరంలో, ఎవరూ ఎవరి వైపూ చూడకుండా. ఇల్మారి ఇంకా రాలేదు. ఆమె నర్సని తెలియగానే అందరూ తమ తమ ఉద్యోగాలు అప్పజెప్పారు. ఒకాయన ఫ్లాస్కు మోస్తాడు, షుగరున్నవాళ్లు కాఫీ తాము మొయ్యకూడదట. ఒకావిడ ప్రతి వంద అడుగులకూ పైకి లెక్కపెడుతుంది, మనసులో లెక్కపెడితే షుగరుకు వినపడదట. రెయ్నో ఎడమ పక్క నిలబడే ఉన్నాడు, ఆ పక్కన మనిషి ఇంకా రాకపోయినా.

మార్కెత్తా నోరు తెరవబోయేంతలో హిల్కా దగ్గరికొచ్చింది.

"మీకు ఎన్నాళ్ల నుంచో ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. మా ఆయన పోయాక రెండు శీతాకాలాలు నేను పొయ్యి వెలిగించలేదండీ. ఎవరి కోసమని? కిటికీ తెర కూడా తియ్యలేదు. మా అమ్మాయి ఫోను చేసి బయటికెళ్లమనేది, చర్చివాళ్లు రమ్మనేవారు. వెళ్లలేదు. ఒకరోజు ఈయనొచ్చి బెల్లు కొట్టి, అమ్మా నేను షుగరు మనిషిని, నువ్వు రొట్టె చెయ్యకపోతే నా ప్రాణానికే ముప్పని నర్సు చెప్పింది అన్నాడు. ఏం చేస్తాను? లేచి పిండి కలిపాను. మీరు భలే గడుసువారండీ."

 మార్కెత్తా మిగతావాళ్లను ఒక్కొక్కరినే చూసింది. లెక్కపెట్టే ఆవిడ నెత్తిన ఎర్ర టోపీ ఉంది. రెయ్నో ఒక్కడే ఉండే మనిషని ఆమెకు తెలుసు. తాయిస్తో కుక్క తప్ప ఇంకో ప్రాణి లేని ఇంట్లో ఉంటాడు.

అప్పుడే ఇల్మారి వచ్చాడు. ఆమెను చూసి రెయ్నో వెనక దాక్కోవడానికి ప్రయత్నించాడు. రెయ్నో వెనక మామూలుగా ఇద్దరు పడతారు గానీ ఇల్మారి పొట్ట మాత్రం బయటికి కనిపించింది.

"ఇటు రండి" అని ఆమె ఆయన్ని పడవల కొట్టం పక్కకు తీసుకెళ్లింది. "మందు వేసుకోనివాళ్లకి షుగరు పడిపోయి కళ్లు తిరగడం ఉండదు.  ఎడమకి ఒరగడమనే జబ్బు అసలు లేనే లేదు. ఇదంతా ఏమిటి?"

ఇల్మారి చేతి తొడుగులు తీసి మళ్లీ తొడుక్కున్నాడు. "ముప్పయ్యారేళ్లు బస్సు తోలాను నర్సమ్మా. ఏ స్టాపులో ఎవరెక్కుతారో కళ్లు మూసుకుని చెబుతాను. ఒక్కొక్కరే ఎక్కడం మానేశారు. ఊరొదిలి వెళ్లలేదు, చచ్చిపోలేదు, ఇళ్లలోనే ఉన్నారు. నువ్వు ఒంటరిగా ఉన్నావు, బయటికి రా అని రెయ్నోతో అనండి చూద్దాం. తలుపు మీ ముక్కు మీద వేస్తాడు. అదే, నాకు సాయం కావాలి అనండి, బూట్లు వెతుక్కుంటాడు."

"మరి మాత్ర ఎందుకొద్దంటున్నారు?"

"వేసుకుంటే తగ్గుతుంది కదా."

"తగ్గాలనే కదండీ వేసుకోమనేది!"

"తగ్గిపోయినవాడి వెంట తొమ్మిదిమంది ఎందుకొస్తారు నర్సమ్మా?"

 కడిగేద్దామని వచ్చిన కోపం మార్కెత్తాకు ఎటో పోయింది.

"వినండి" అంది. "మాత్ర నడకకు బదులు కాదు. నడకతో పాటు. మీరు నడక మానేస్తే మాత్ర కూడా చేతులెత్తేస్తుంది. మాత్ర మొదలుపెట్టినా షుగరు పోదు, అదుపులో ఉంటుందంతే. ఈ నడక మీకు బతికున్నన్నాళ్లూ తప్పదు."

"ఇది నిజంగా మీరు చెబుతున్నదేనా?"

"ఇది మాత్రం నేనే చెబుతున్నాను."

"బతికున్నన్నాళ్లూనా?"

"బతికున్నన్నాళ్లూ."

ఇల్మారి మొహం వెలిగిపోయింది. అంత సంతోషంగా షుగరు మందుకు ఒప్పుకున్న మనిషిని మార్కెత్తా తన ఉద్యోగంలో చూడలేదు. "ఆ మాట కాగితం మీద రాసివ్వండి. ముద్ర కూడా వెయ్యండి. మావాళ్లకి అనుమానాలు ఎక్కువ."

నడక సాగింది. కొంత దూరం వెళ్లాక తాయిస్తో కుక్కను లాక్కుంటూ ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒప్పుకున్నాడా మాత్రకి? హమ్మయ్య. షుగరున్న పిల్లులకీ కుక్కలకీ ముప్పయ్యేళ్లు మందిచ్చానమ్మా, ఇతను చెప్పేదంతా బూటకమని మొదటి రోజే తెలుసు. భార్య పోయాక ఒంటరివాడైపోయాడు. తోడు రమ్మని నోరు తెరిచి అడగలేక మీ పేరు వాడుకుంటున్నాడు, పాపం. పోనీలే అని వస్తున్నాం. హిల్కాకి మాత్రం చెప్పకండి, ఆవిడ అంతా నిజమే అనుకుంటోంది."

పది గజాల తర్వాత హిల్కా ఆమె చెయ్యి పట్టుకుంది. "తాయిస్తో ఏమన్నాడు? ఆయనకి చెప్పకండేం, ఇల్మారి అబద్ధాలాడుతున్నాడని నాకెప్పుడో తెలుసు. నర్సులు మనుషుల పేర్లు పెట్టి రొట్టెలు రాస్తారా? తాయిస్తో అమాయకుడు, నమ్మేశాడు. పెద్ద చదువులు చదివినవాళ్లంతే."

మార్కెత్తా వెనక్కి తిరిగి రెయ్నో వైపు చూసింది.

"తెలుసు" అన్నాడు రెయ్నో.

సోమవారం నుంచి ఇల్మారి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాడు. రాత్రి భోజనంతో ఒక మాత్ర. వారం తిరక్కుండానే ఫోను.

"నర్సమ్మా, నా కడుపుకి బ్రేకులు తెగిపోయాయి."

"మొదట్లో కొందరికి అలాగే అవుతుంది, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. తిండి మధ్యలో వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను. కానీ మంగళవారం నడకలో పడవల కొట్టం వెనక్కి పరిగెత్తాల్సొచ్చింది. ఆ దారిలో మూడు కిలోమీటర్లు గాలి తప్ప ఇంకేమీ లేదు. ఏదో పక్షి కనిపించిందని చెప్పాను."

"నమ్మారా?"

"ఎందుకు నమ్మరు? మావాళ్లు ఏం చెప్పినా నమ్ముతారు."

రోగి విషయం ఎవరితోనూ అనకూడదు కాబట్టి మార్కెత్తా ఎవరితోనూ అనలేదు. మూడు వారాలకు కడుపు కుదుటపడింది, డాక్టరు మాత్ర రెండు పూటలా చేశాడు, మళ్లీ ఓ వారం బ్రేకులు వదులయ్యాయి, మళ్లీ బిగుసుకున్నాయి. మూడు నెలలకు ఇల్మారి పరీక్షకు వచ్చాడు. ఆరు పాయింట్ తొమ్మిది. బొటనవేలు మాత్రం అలాగే ఉంది. అది ముదరకుండా చూసుకోవాలి, రోజూ పాదాలు చూసుకోవాలి అని ఆమె చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు గానీ మనసు ఎక్కడో ఉంది.

"ఏమిటి విషయం?"

"మావాళ్ల సంగతే బెంగగా ఉంది" అన్నాడు. "నేను మందు మొదలుపెట్టిన రెండో వారం నుంచి ఏదో అయింది వాళ్లకి. రేవు దారి వద్దన్నారు. హిల్కాకి పుస్తకాల పిచ్చి పట్టింది, దారిలో లైబ్రరీ తగలాలంటుంది. ఒకే పుస్తకం మంగళవారం తీసుకుని గురువారం ఇచ్చేస్తోంది. రెయ్నోకి చర్చి హాలు మీద భక్తి కలిగింది. తాయిస్తో కుక్కేమో పెట్రోలు బంకు కాఫీ కొట్టు ముందు కదలనంటోందట, నేను చూస్తే అది మామూలుగానే నడుస్తోంది. అరకిలోమీటరు దాటకుండా ఎక్కడో ఒకచోట లోపలికి దూరాల్సిందే."

"మీరేమీ అడగలేదా?"

"ఎలా అడుగుతానండీ? పెద్దవాళ్లయిపోతున్నారు, చిన్నబుచ్చుకుంటారు. వాళ్లు ఆగిన చోటల్లా నేనూ లోపలికి వెళ్లి, ఎలాగూ వచ్చాను కదా అని అక్కడి మరుగుదొడ్డిలో ఓ ఐదు నిమిషాలు ఉండి వస్తున్నాను. వాళ్ల తృప్తి కోసం."

మార్కెత్తా కంప్యూటరు వైపు తిరిగి, అవసరం లేకపోయినా చాలాసేపు ఏదో టైపు చేసింది. మొహం తన అదుపులోకి వచ్చిందనుకున్నాకే ఇటు తిరిగింది.

"మంచి పని చేస్తున్నారు ఇల్మారి గారూ" అంది. "వాళ్లనలాగే కనిపెట్టుకుని ఉండండి."