నడిహాల్లో నామాలు

మా వీధి కొండబాబుకి చేతిలో పనితనముంది, నోట్లో గొప్పలూ ఉన్నాయి. మామిడికుదురులో వాటర్‌జెట్ మిషను నడుపుతాడు. సన్న ఇసుక కలిసిన నీళ్లు సూది బెజ్జమంత రంధ్రంలోంచి దూసుకొచ్చి రాయినీ ఇనుమునీ కోసేస్తాయి. మంట ఉండదు, రవ్వ ఎగరదు. ఇక మనవాడు ఆగుతాడా? పెళ్లిపందిట్లోనూ అదే కబురు, చావింట్లోనూ అదే కబురు. "ఎంత బండరాయైనా తెచ్చివ్వండి, చందమామలా కోసిస్తానండి" అనేవాడు.

భవానీదేవిగారు కొత్తిల్లు కట్టుకుంటూ, హాలు మధ్యలో రంగురాళ్ల ముగ్గు చేసిపెట్టమని కొండబాబుని అడిగారు.

"ముగ్గులు అందరిళ్లల్లోనూ ఉన్నాయండి. మీకు అప్పనపల్లి స్వామివారి శంఖుచక్రాలూ నామాలూ కోసి పెడతాను. గృహప్రవేశానికి వచ్చినోళ్లు కళ్లప్పగించేయాలండి!"

ఫోన్లో బొమ్మ పంపాడు. ఆవిడ దండం పెట్టుకుని, "ఎంత కళగా ఉంది బాబూ!" అన్నారు. ఫోన్లో నామాలు నిటారుగానే ఉన్నాయి కదా! నేల మీద పరిచేస్తే జనం తొక్కుతారన్న సంగతి ఆవిడకీ తట్టలేదు, ఈ మహానుభావుడికీ తట్టలేదు.

భక్తికి మాత్రం లోటు లేదు సుమండీ. ఆ రాయి కోసినన్నాళ్లూ చెప్పులు బయటే విడిచేవాడు, హారతిచ్చి మరీ మిషను ఆన్ చేసేవాడు. తెల్లరాయీ ఎర్రరాయీ నల్లరాయీ వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చాడు. పరిచిన మేస్త్రీలు బయటి రాష్ట్రం వాళ్లు. ఇచ్చింది పరిచి, పైన అట్టలు కప్పేసి వెళ్లిపోయారు. గృహప్రవేశం దాకా ఆ అట్టలు ఎవరూ ముట్టుకోవద్దని మనవాడి ఆజ్ఞ.

ఆ రోజు పొద్దున్నే కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు. ముందు ఆవుని గడప దాటించాలి కదా, సరిగ్గా ఆ సమయానికి అట్టలు లాగేసి పక్కన నిలబడ్డాడు, మెచ్చుకోళ్ల కోసం. ఆవు తిన్నగా వచ్చి, నామాల మీద నిలబడి పేడ వేసింది.

"ఆయ్, శుభమండీ, శుభం!" అన్నారు వెనక ఎవరో.

పంతులుగారు మాత్రం కిందకి చూసి కొయ్యబారిపోయారు. "ఏవండీ, ఇదేం పనండీ? స్వామివారి నామాల్ని కాళ్ల కింద పరిచేరేంటండీ?"

చుట్టాలు గడప దగ్గరే ఆగిపోయారు. భవానీదేవిగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. అందరి చూపులూ కొండబాబు మీదికే తిరిగాయి. తిరగవూ మరి? చేసింది తనేనని ఊరంతా చాటుకున్నాడాయె. వాడికి తల కొట్టేసినట్టయింది. కొత్త చొక్కాతోనే కూలబడి, చేతుల్తో పేడ ఎత్తి, తువ్వాలుతో నామాలు తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ ఏడ్చేశాడు.

"క్షమించండమ్మా. నా బుద్ధి గడ్డి తిందండి."

"నిన్ను అనేదేముంది బాబూ? బొమ్మ చూసి బాగుందన్నదాన్ని నేనే కదా."

నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మాటకి వాడింక తలెత్తలేకపోయాడు.

తర్వాత ఎవర్నీ చెయ్యి వేయనివ్వకుండా తనే వెళ్లి, శంఖుచక్రాలకీ నామాలకీ గీటు పడకుండా అంచుల వెంట ఉలితో తవ్వి, పైకి తీసి పూజగది గోడకి బిగించాడు. ఆ ఖాళీలోకి మామూలు తెల్లరాయి గుండ్రంగా కోసి దించాడు. ఎంత వెతికినా సందు కనబడదు. అంత పని చేసీ ఒక్కరి దగ్గరా దాని ఊసెత్తలేదు. కొండబాబు నోరు మూసుకోవడం మా వీధిలో ఎవరూ చూసి ఎరగరు.

మొన్న భవానీదేవిగారు కాఫీకి పిలిస్తే వాడి వెంట నేనూ వెళ్లాను. ఆవిడ వంటింట్లోంచి గ్లాసులు పట్టుకుని, నడిహాలు వదిలేసి, గోడవారన చుట్టూ తిరిగి వచ్చారు.

"అది ఉత్త రాయేనండి. తొక్కొచ్చండి" అన్నాడు కొండబాబు.

"తెలుసు బాబూ. కాలు పడటం లేదు."

వాడు కాఫీ తాగి, ఖాళీ గ్లాసు వంటింట్లో పెట్టడానికి లేచాడు. వాడూ గోడవారనే నడిచాడు.