ఏ గుట్ట పండ్లు?

అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. దసరా నుంచి దీపావళి దాకా అవ్వ చేవెళ్ల రోడ్డు పక్కన సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చునేది. ఇంట్లో ఆమె మాట ఎవరు విన్నా వినకపోయినా, ఆ గంప ముందు మాత్రం ఆమె చెప్పిందే వేదం. కొనేవాళ్ళు ధర కంటే ముందు ఒక్క మాట అడిగేవారు.

"ఏ గుట్టయి అవ్వా?"

"ఇవి మా ఊరి గుట్టయి బిడ్డా. ఆ పక్క కుప్ప షాబాద్ దిక్కుయి, జర సప్పగుంటయి."

అట్లా చెబితే ఆ కుప్ప ఎవరు కొంటారని నేను మోచేత్తో పొడిచేదాన్ని. "నోట్లె పెట్టుకున్నంక తెల్వదా ఆల్లకు?" అనేది.

గుట్ట మా చేను వెనకాలే ఉండేది. ఊళ్ళో అందరూ మా గట్టు మీదుగానే ఎక్కేవారు. ఏ చెట్టు ముందు కాస్తుందో, ఏ చెట్టుకు గింజలే తప్ప గుజ్జు ఉండదో అవ్వకు కంఠతా వచ్చు. పక్వానికొచ్చి కన్ను విచ్చిన కాయనే కోసేది. విచ్చని కాయ మీద చెయ్యి వేస్తే నా వేళ్ళ మీద కొట్టేది.

పట్నం ఇవతలి అంచున అద్దాల బిల్డింగులు లేస్తున్న కాలం అది. ఆ బిల్డింగుల్లో పనిచేసేవాళ్ళకు కూరగాయలు అమ్మే పెద్ద దుకాణం ఒకటి మొయినాబాద్‌లో షెడ్డు వేసి, రైతుల దగ్గర నేరుగా కొనడం మొదలుపెట్టింది. మా ఊరి నుంచి మొదట చేరింది మా నాన్నే, మా బాపు. కాయలు ఏరే పని నాకు ఆ షెడ్డులోనే దొరికింది. మా ఇంట్లో ఆ యేడు అందరం కొంచెం గొప్పలు పోయాం.

దుకాణానికి మచ్చలేని టమాట కావాలి. నేలకు తాకిన కాయ మచ్చపడుతుంది కాబట్టి మొక్క పక్కన కట్టె పాతి, తాడుతో పైకి కట్టాలన్నారు. అన్ని వేల కట్టెలు ఎక్కడివని వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. బాపు గొడ్డలి భుజాన వేసుకుని గుట్టెక్కాడు. మోపులు మోసింది అవ్వ, నేను.

"సీతాఫలం చెట్టు జోలికి పోయినవంటే మాత్రం ఊకోను," అని అవ్వ ముందే చెప్పింది.

ఆ యేడు బాపు ఆమె మాట దాటలేదు. వావిలి, పాలకొడిసె, ఏది నిటారుగా కనిపిస్తే అది కొట్టాడు. టమాట నిగనిగలాడింది. అది చూసి ఊరంతా కట్టెలు పాతింది. గుట్ట మీది కట్టెకు ఆయుష్షు ఒక్క పంటే, వానాకాలం దాటేసరికి చెదలు తినేసేవి. మళ్ళీ గొడ్డలి, మళ్ళీ గుట్ట. ఊరందరి గుట్ట కాబట్టి కొట్టడానికి అందరూ వచ్చారు, కాపాడటానికి ఒక్కరూ రాలేదు.

మూడో పంటనాటికి నిటారు కట్టె కరువైంది. ఒకరోజు మోపు ఎత్తుకుని దిగుతుంటే అవ్వ సగం దారిలో ఆగింది. మోపు కింద పడేసి, ఒక కట్టెకు మిగిలిన ఆకు తెంపి నలిపి వాసన చూసింది. సీతాఫలం ఆకు వాసన ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇదేందయ్యా?"

బాపు ఆమె ముఖం చూడలేదు. "నేను కొట్టకుంటే ఇంకొకడు కొడ్తడు. నేనొక్కన్ని ఇడిసిపెడితే గుట్ట మిగుల్తదా?"

దానికి అవ్వ ఏమన్నా అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆమె తల మీది గుడ్డ చుట్ట సరిచేసుకుని ఆ మోపునే మళ్ళీ నెత్తిన పెట్టుకుని చేను దాకా తెచ్చింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

షెడ్డులో మాత్రం టమాట జాతకమంతా అడిగేవారు. ఏ విత్తనం, ఏ మందు కొట్టారు, కొట్టి ఎన్నాళ్ళయింది, కాయ ఎంత లావు. ఆ మొక్కకు ఊతమిచ్చిన కట్టె ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. అడిగితే బాపు దాచేవాడు కాదు. రోడ్డు మీద అవ్వను ముక్కూమొహం తెలియనివాళ్ళు అడిగే ప్రశ్నే అది. అంత పెద్ద దుకాణానికి అది తోచలేదు. పైగా పట్నం దుకాణంలో బాపు నవ్వుతున్న ఫోటో నిలువెత్తున పెట్టారు. అందులో బాపు వెనక గుట్ట గుండు గీసినట్టు ఉంది. మెడలో ఐడీ కార్డులతో వచ్చినవాళ్ళు దాని ముందు నుంచే సామాన్ల బండ్లు తోసుకుంటూ పోయేవారు.

చివరికి నోరు విప్పింది బాపే, అదీ చెట్ల మీద ప్రేమతో కాదు. "సార్, ఇగ కట్టె దొర్కుతలేదు. గుట్ట అయిపోయింది," అని షెడ్డు మేనేజర్‌తో అన్నాడు. ఆయన మంచివాడు. గుట్ట అయిపోవడమేంటని స్వయంగా వచ్చి, మొద్దుల మధ్య పైదాకా నడిచి చూశాడు. తర్వాతి పంటకు తోటల్లో పెంచిన వెదురు లారీలో వచ్చింది. దాని ఖరీదు ఒకేసారి కాకుండా మాకిచ్చే డబ్బులోంచి పంట పంటకూ కొంచెం పట్టుకున్నారు. గుట్ట కట్టె పాతిన చేను టమాట కొనబోమన్నారు. చిన్న మచ్చ ఉన్న కాయను కూడా వేరే ధరకు తీసుకున్నారు. చేయాల్సింది ఇంతే. మొదటి పంటకే ఈ పని చేసి ఉంటే ఒక్క చెట్టూ పోయేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

అయినా గుట్ట మా మీద పగ పట్టలేదు. మరుసటి వానలకు అవ్వ పైకెక్కి, ఎగపోస్తూ దిగొచ్చింది.

"కొట్టిన మొద్దులు ఇగురు పెట్టినయే బిడ్డా! ఇంకో రెండు మూడేండ్లయితే గంప నిండుతది."

ఆమె ముఖంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు. గంపను అలికి, ఎండబెట్టి, దూలానికి వేలాడదీసింది.

ఆ రెండు మూడేళ్ళలో మా చేల ధర మాకే అర్థం కానంత పెరిగింది. అందరూ అమ్మారు, బాపూ అమ్మాడు. కొన్నాయన ఫామ్‌హౌస్ కట్టి చుట్టూ గోడ పెట్టాడు. గుట్టకు పోయే బాట ఆ గోడ లోపల ఉండిపోయింది. చేను అమ్మేటప్పుడు బాట గురించి మాలో ఎవరికీ గుర్తు రాలేదు, అవ్వతో సహా. టమాట పండించేవాళ్ళు లేక షెడ్డు మూతపడింది. నన్ను పట్నం దుకాణానికి మార్చారు.

దసరా వెళ్ళాక అవ్వ ఒకసారి ఆ గేటు దాకా నడిచింది. కాపలా అతను బిడియపడ్డాడు.

"లోపటికి పోనిస్తే సారు నన్ను తిడ్తడవ్వా."

"పోను తియ్యి. చెట్లు కాసినయా?"

"మస్తు కాసినయి. చిల్కలు తింటున్నయి, రాలిపోతున్నయి."

"పోనీ, కాసినయి గదా," అని తిరిగొచ్చింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

తర్వాతి వారం దుకాణంలో సీతాఫలాలు వచ్చాయి. పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టిన ట్రే ఒకటి కొని ఇంటికి తెచ్చాను. సంతోషపడుతుందనే తెచ్చాను. అవ్వ కాగితం చింపి, పండు చేతిలోకి తీసుకుని దాని కళ్ళు తడిమి చూసింది.

"ఏ గుట్టయి?"

ట్రే తిప్పి చూశాను. బరువు ఉంది, ధర ఉంది, ఏ తేదీలోపు తినాలో ఉంది.

"తెల్వదవ్వా."

"ఆడనే పని చేస్తవు గదనే."

అవ్వ పండు విప్పి, సగం బాపు చేతిలో పెట్టింది.

"తిను. యాడియో ఏమో. ఆడ గుడ ఎవ్వతో గంప వేలాడదీసుకొని ఎదురు చూస్తుండొచ్చు."

బాపు ఆ సగం పండు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. తినలేదు.