ఆముదం పోసిన తాళాలు

బాపు పోయిన నలభై రోజులకు వ్యాను తలుపుల తాళాలు విప్పడానికి కూర్చున్నాను. వెనక తలుపు తెరుచుకోకనే బాపు పోయాడు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు తెరుచుకోలేదని మాత్రం ఎవరూ అడగలేదు.

ఏడ్చానా అంటే, లేదు. దినాల నాడు మేనత్త నాకు వినబడేటట్టే అంది: “సూడుండ్రి, నిమ్మకు నీరెత్తినట్టు ఎట్ల కూసున్నదో. సదువుకున్నోళ్లకు ఏడుపు గూడ రాదు.” నాకు కోపం రావాలి. మామూలుగా నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఆ రోజు అదీ రాలేదు. లేచి వెళ్లి టీ గ్లాసులు కడిగాను. కడిగినవే మళ్లీ కడుగుతున్నానని ఎవరో చెబితే ఆపాను.

మాది దేవరకొండ అవతల ఒక చిన్న ఊరు. బాపు, ఆయన తమ్ముడు చిన్నాయన కలిసి గొర్లు కాసేవారు. ఎండాకాలం మెట్ట చెలకల్లో మేత అయిపోతే మందను తోలుకుని కృష్ణా నది వైపు దిగి, వానలు పడేదాకా అక్కడే ఉండేవారు. నా చిన్నప్పుడు గాడిద మీద సామాను, చెట్టు కింద పడక. తెలంగాణ వచ్చిన మరుసటేడు బాపు ఒక పాత వ్యాను కొన్నాడు. అంతకుముందు అది పట్నంలో బ్రెడ్డు మోసిన బండి. వెనకంతా రేకు పెట్టె. కిటికీ లేదు, కప్పులో చిన్న గాలి కంత ఒకటి. డ్రైవరు సీటుకూ ఆ పెట్టెకూ మధ్య కూడా రేకే. అందులో నులక మంచం వేసి, గ్యాసు పొయ్యి పెట్టి, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలకు ఒక మూల గడ్డి పరిచి, దాన్ని ఇల్లు చేసుకున్నాడు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం. మా వాడకట్టు మొత్తానికి అదే కారు. పెళ్లిళ్లకు అడిగేవారు. “గొర్రె వాసనొస్తదిరా, పెండ్లిపిల్ల దిగి ఉరుకుతది” అని బాపు నవ్వేవాడు.

నేను మహబూబ్‌నగర్‌లో బడిపంతులమ్మను. ఏటా బతుకమ్మకు పుట్టింటికి వస్తాను. దసరా నాడు వ్యానుకు పూజ చేసే పని నాది. బాపు బండిని కడిగి తుడిచేవాడు. నేను పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేదాన్ని, టైర్లకు, స్టీరింగుకు, చివరికి తాళం కంతలకు కూడా. ఈలోగా అమ్మ ఆముదం సీసా పట్టుకొచ్చేది. మా చెలకలో కాసిన ఆముదాలే, వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె తీసి వడగట్టినది. “తాళాలల్ల పొయ్యి బిడ్డా, మెత్తగ తిరుగుతయి” అనేది. పోసేదాన్ని. చుక్కలు కాదు, ధారగా. మా ఇంట్లో భక్తికి పిసినారితనం లేదు.

మొన్న ఉగాది దాటిన వారానికి, మంద వెంట వెళ్లిన చోట బాపుకు జ్వరం వచ్చింది. వెనక తలుపు బార్లా తెరిచి లోపల మంచం మీద పడుకున్నాడు. చిన్నాయన గొర్లను నీళ్లకు తోలుకుపోయాడు. మిట్టమధ్యాహ్నం సుడిగాలి లేచి తలుపును కొట్టింది. పడిన తలుపు మళ్లీ తెరుచుకోలేదు. చిన్నాయన వచ్చి పిలిస్తే పలుకు లేదు, తాళంచెవి తిరగలేదు. గొడ్డలితో రేకు చీల్చి బయటికి తీశాడు. దవాఖానలో వడదెబ్బ అన్నారు. స్నానం పోసేటప్పుడు చూశాను, బాపు కుడి అరచెయ్యి కమిలిపోయి ఉంది. లోపలి పిడిని ఎంతసేపు తిప్పాడో.

దినాల కోసం చిన్నాయన మందను ఇంటికి తోలుకొచ్చాడు. గొర్ల ఆకలికి మైల తెలియదు కదా, మళ్లీ బయల్దేరాలి. ఆయన పడుకోవాల్సింది కూడా ఆ వ్యానులోనే. “ముందుగాల తలుపులు సూడాలె” అన్నాడు. నేను చూస్తానన్నాను. ఇద్దరం బండిని దేవరకొండలో మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. చిరిగిన రేకుకు అతుకు వేస్తాడని, కొత్త తాళాలు బిగిస్తాడని.

చిన్నాయన గొర్ల మందు కోసం బజారుకు వెళ్లాడు. మేస్త్రీ రేకు అతికించి, అగ్గిపుల్ల ఒకటి తాళం కంతలో తిప్పి తీశాడు. రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, పకపకా నవ్వాడు.

“ఎవలక్కా గిండ్ల ఆముదం పోసింది? దుమ్ముకు జిగురు పెట్టినట్టే గద! పసుపు, కుంకుమ గూడ ఏసిండ్రు. మీ బండికి భక్తి ఎక్కువై బిగుసుకపోయింది.”

నా మొహమే ఆముదం తాగినట్టు అయివుంటుంది. బాపు సంగతి పాపం అతనికి తెలియదు. “గీ బండికి కొత్త తాళాలు యాడ దొరుకుతయి? ఇప్పి పెట్రోల్ల నానబెట్టు. బ్రష్షుతోని రుద్దు. నూనె ముట్టియ్యకు, పెన్సిల్ ముల్లు పొడి ఎయ్యి, సాలు” అన్నాడు. సరేనన్నాను.

ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చుని విప్పాను. వెనక తలుపు లోపలి పలక, నాలుగు మరలు. తాళాన్ని తీసి పెట్రోలు పోసిన గిన్నెలో వేశాను. కాసేపటికి అది దిష్టి తీసిన నీళ్లలా ఎర్రబడింది. పాత పళ్లబ్రష్షుతో రుద్దుతుంటే ముద్దలు ముద్దలుగా ఊడొచ్చింది, ఒక పొర పసుపు, ఒక పొర ఎరుపు, నడుమ మట్టి. అన్ని దసరాలూ అందులోనే ఉన్నాయి. రుద్దుతూనే ఉన్నాను. చేతులు పనిచేస్తున్నాయి, నాకేమీ అనిపించడం లేదు. ఒక్కటే ఆలోచన. ఈ మాట అమ్మకు చెప్పాలా, వద్దా? చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాది పోవాలంటే అది అమ్మకు అంటాలి. నూనె వండిన చెయ్యి ఆమెది.

చిన్నాయన వచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు. “ఏం పట్టిందే తాళంల?”

“తుప్పు.”

గిన్నెలో వేలు ముంచి చూసుకుని, “తుప్పు గిట్లనే ఎర్రగుంటది” అన్నాడు. తువ్వాల దులిపి గొర్ల దొడ్డికేసి వెళ్లిపోయాడు.

పిల్లలకని సంచీలో ఉంచుకునే పెన్సిళ్లు రెండు తీసి, ముల్లు నూరి, పొడిని తాళంలోకి ఊదాను. మరలు బిగించాను. పిడి ఒక్క వేలికే తిరిగింది.

నలభై రోజులుగా వ్యాను దిక్కు చూడని అమ్మ, ఆ టక్కుమనే చప్పుడుకు బయటికి వచ్చింది. నేరుగా వెనక తలుపులోంచి ఎక్కి బాపు మంచం మీద కూర్చుంది.

“తలుపెయ్యి” అంది.

“వద్దమ్మా.”

“ఎయ్యే.”

వేశాను. వెంటనే లోపలి పిడి టక్కుమంది, తలుపు తెరుచుకుంది. అమ్మ తన చూపుడు వేలికేసి చూసుకుంటోంది.

“గింతేనా బిడ్డా?”

“గింతేనే అమ్మా.”

“ఇంకోపారి ఎయ్యి.”

వేశాను. ఈసారి అమ్మ పిడి తిప్పలేదు. లోపల అమ్మ ఏడుస్తోంది. తీస్తే వస్తుంది, ఇప్పుడు ఎవరు తీసినా వస్తుంది. నేను బయటి పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అమ్మ మొహం చూస్తూ ఆ మాట అనలేను. తలుపు మూసి ఉంది కాబట్టి తలుపుతోనే అన్నాను.

“అమ్మా, తుప్పు కాదు. ఆముదం. పోసింది నేనే.”

లోపల ఏడుపు ఆగింది.

“పొయ్యమన్నది నేనే గద బిడ్డా” అంది అమ్మ.