సత్యనారాయణపేటలో అడగని వన్స్‌మోర్

మా అక్క కూతురు సరిత బెంగళూరులో ఒపేరా నేర్చుకుంది. మూడువందల ఏళ్ల కిందటి ఇటలీ సంగీత నాటకాలు, బరోక్ అంటారట. వాటిలోంచి కొన్ని పాటలు ఏరి బళ్ళారిలో మొదటి కచేరి పెట్టుకుంది. దాని తండ్రి, హగరిలో కూలికి పోయే మా బావ ఎర్రిస్వామి షరతు ఒకటే: వచ్చినవాళ్ళలో సగానికి మించి మధ్యలో లేచిపోతే పిల్ల పాట మాని బీఈడీలో చేరాలి. తలలు లెక్కబెట్టే పని నాది. బడిలో నేర్వకపోయినా నా లెక్క తప్పదని ఇంట్లో పేరు.

ఆదివారం బావా నేనూ ఎక్కాల్సిన, రెండు పదికి హగరికి రావలసిన ప్యాసింజరు రెండు యాభైకి వచ్చింది. టికెట్టు పది రూపాయలు. నలభై నిమిషాల ఎదురుచూపు ఉచితం. ఎదురుగా ఉల్లిగడ్డల మూట మీద కాళ్ళు చాపిన పెద్దాయన "యాడికప్పా?" అన్నాడు. ఇటలీ పాటలకన్నాను. "కన్నడ పాటకే జనం లేరు ఈడ" అని కళ్ళు మూసుకున్నాడు.

బళ్ళారి స్టేషన్లో ఎక్కిన ఆటో మాకు కౌల్ బజార్ అంతా చూపించి నాలుగింటికి సత్యనారాయణపేటలో దింపింది. కల్యాణ మంటపం పై అంతస్తు. కుర్చీలు వంద, మనుషులు నలభై నాలుగు. ముఖ్య అతిథి ఒక క్వారీ సావుకారు. ఆయన వెంట వచ్చినవాళ్ళే పదకొండు మంది. ఆయన ఇరవై రెండు నిమిషాల ప్రసంగంలో ఒపేరా అన్న మాట ఒకసారి, తన పేరు తొమ్మిదిసార్లు వచ్చాయి. వేదిక మీద ఒక వయొలిన్, ఒక కీబోర్డు. రాజు, మంత్రి, సైన్యం కరపత్రంలోనే ఉన్నారు.

సరిత మూడో పాట, మోసపోయిన రాణి ఏడుపు. మాటలు నాలుగు పంక్తులు, సమయం ఏడు నిమిషాలు. ఒక్క అక్షరం మీద ముప్పై ఒక్క మలుపుల దాకా లెక్కబెట్టి వదిలేశాను. పాట సన్నగిల్లి ఆగింది. అయిపోయిందని జనం చప్పట్లు కొట్టి లేచారు. ఇరవై మూడు. సగం దాటింది.

అప్పుడు సరిత మొదటి పంక్తి మళ్ళీ ఎత్తుకుంది. మొదటి రెండూ చిన్న పాటలు; ఇలాంటి పెద్ద పాటల కట్టుబాటే అదట. మొదటి భాగం తిరిగి, మరింత అల్లి పాడాలి. మన జనానికి తెలిసింది పద్యనాటకం. పద్యం రెండోసారి వచ్చిందంటే ఎవరో వన్స్‌మోర్ అడిగినట్టే. అడిగినవాడు పెద్దమనిషైతే మధ్యలో పోవడం ఆయన్ని అవమానించడమే.

"ఎవురు అడిగిరప్పా?" నా వెనక వరుసలో ముసలాయన పక్కవాణ్ణి అడిగాడు.

"ఇంగెవురు, సావుకారే అడిగుంటాడు. కూచో, కూచో."

ఆ మాట వరసల వెంట పాకింది. ఇరవై మూడు మందీ కూర్చున్నారు. సావుకారు నిద్రలో ఉన్నాడు. పాట గట్టిగా అందుకోగానే ఉలిక్కిపడి తల ఊపాడు. ఇంకేం, పదకొండు మందీ తలలూపారు. తర్వాతి రెండు పాటలూ ఇలాగే తిరిగి మొదలయ్యాయి. ఒక్కరూ కదల్లేదు.

సరిత వాద్యాలవాళ్ళతో ఉండిపోయింది. మేమిద్దరం ఆరున్నర బస్సెక్కాం.

"ఎంతమంది లేచిరి?" అన్నాడు బావ.

"ఇరవై మూడు."

"చూస్తివా, సగం దాటె."

"తిరిగి కూచున్నోళ్ళు ఇరవై మూడు. పోయినోళ్ళు సున్న."

"సావుకారికి భయపడి కూచుంటే అదీ లెక్కేనా?"

"నీ షరతు పోయినోళ్ళ మీద బావా, భయపడినోళ్ళ మీద కాదు. ఇంగో మాట. అందరికంటే ముందు లేచింది నువ్వే."

ఇటలీ సంగీతం బళ్ళారిలో నిలుస్తుందనే నా అంచనా; ముందు వరసలో నిద్రపోయే సావుకారు ఒకడు దొరికితే చాలు. ఊరు దాటాక బావ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"రెండోసారి పాడిందే బాగుండె."