పదమూడు ఎర్ర గుడ్డలు, ఒక ఆకుపచ్చ గుడ్డ

ఒక్క అగ్గిపుల్ల గీయకుండా ఒక ఊరి గడ్డివాములన్నిటినీ మూడు రోజుల్లో చెల్లాచెదురు చేసిన ఘనత నాది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పైగా ఆ పని పగబట్టి చేయలేదు, వాములు కాలిపోకుండా కాపాడదామని చేశాను. చదువుకున్నవాళ్లు ఊరికి మేలు చేయాలని నడుం కడితే ఏమవుతుందో చూడాలనుకుంటే కాసేపు కూర్చోండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నంద్యాలలో ఒక కాలేజీలో పరిశోధనకు చేరి నాలుగు నెలలయింది. ఆ నాలుగు నెలలకే నా తలకాయ ఎంత పెరిగిందంటే, పప్పులో ఉప్పు తక్కువైందని నాయన అంటే, "ఇది మీ ఒక్కరి అభిప్రాయమా, ఇంట్లో అందరిదీనా?" అని అడిగేదాన్ని. మా నాయన కంచం తీసుకుని వసారాలోకి పోయి తినేవాడు.

నేను ఎంచుకున్న విషయం మాత్రం తీసిపారేసేది కాదు. మా వైపు ఇద్దరికి పడకపోతే ఒక్కోసారి ఒకడు రెండోవాడి గడ్డివామికి నిప్పు పెడతాడు. కోపం మనిషి మీద, శిక్ష బర్రెలకు. వేసవి పొడుగునా వాటికి మేత ఉండదు. అలాంటి నిప్పును ముందే ఆపడం ఎలాగో కనిపెట్టాలని నా ఆశ.

మా గైడు మేడమ్ నెమ్మదస్తురాలు. "ముందు ప్రణాళిక రాయి. ఊరికి పోయేముందు పెద్దమనుషులను కలువు. ఏం చేయబోతున్నావో చెప్పి, వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టు" అంది.

"చెబితే అందరూ జాగ్రత్తపడిపోతారు కదా మేడమ్. అప్పుడు అసలు సంగతి బయటపడదు."

"జాగ్రత్తపడితే మంచిదే కదమ్మా. మనకు కావలసింది అదే కదా?"

ఈ ఒక్క మాట అర్థమై ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు. నాకు అర్థం కాలేదు.

ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో మా ఓబుళమ్మ చిన్నమ్మ ఊరు. చిన్నాయన పోయాక నాలుగు బర్రెలను పెట్టుకుని, పాలు పోసుకుంటూ ఒక్కతే గుట్టుగా బతుకుతోంది. తన బతుకు విషయంలోనే గుట్టు. ఊరివాళ్ల విషయంలో అంత పట్టింపు లేదు. నేను పుస్తకం తీసి, "చిన్నమ్మా, ఈ ఊర్లో ఎవరికెవరికి పడదు?" అన్నానో లేదో, పొయ్యి మీద టీ మరిగి మరిగి ఇంకిపోయేదాకా చెప్పింది.

"కంబగిరప్పకూ నాగశేషుకూ మాటల్లేవు. గట్టు కాడ తగువు. నాగశేషుకూ ఆ పక్కింటోళ్లకూ పడదు, కోడిపెట్ట కాడ. ఆ పక్కింటోళ్లకూ..."

"మరి నీకు?"

"నాకెవురుండారు పాపా పగోళ్లు? నా నోట్లో నాలుక లేదని ఊరంతా అంటాండారు."

రాసుకున్నాను. ఆమెకు పగవాళ్లు లేరని సాక్ష్యం చెప్పింది ఎవరు? ఆమే. దాన్ని పరిశోధన అనుకుని కింద గీత కూడా గీశాను.

ఊరి చివర కల్లందొడ్డి. అందరి వాములూ ఉండేది అక్కడే, మొత్తం పద్నాలుగు. ప్రమాదం ఉన్న వామికి ఎర్ర గుడ్డ, లేనిదానికి ఆకుపచ్చ గుడ్డ కడితే లెక్కకు సులువని నా ప్రణాళిక. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఒక టైలరును అడిగి పీలికలు తెచ్చుకున్నాను. జనమంతా పొలాలకు పోయిన పూట, చిన్నమ్మకు కూడా చెప్పకుండా, కట్టేశాను. పదమూడింటికి ఎర్ర గుడ్డలు పడ్డాయి. ఒకే ఒక్క వామికి ఆకుపచ్చది. అది ఎవరిదో చెప్పాలా? ఫొటోలు తీసుకుని, ఈల వేసుకుంటూ నంద్యాల బస్సెక్కాను.

మూడో రోజు పొద్దున ఫోను మోగింది.

"పాపా, యాడుండావ్?"

"కాలేజీలో, చిన్నమ్మా."

"బేగ రా. ఎవురో వాములకు ఎర్రగుడ్డలు కట్టిపోయినారు. కాల్చేదానికి గురుతు పెట్టినారంట. నా దానికి ఒక్కదానికే ఆకుపచ్చది కట్టినారు. అంటే కాల్పించేది నేనేనంట! పాలకేంద్రం కాడ నా పక్కన ఎవురూ నిలబడల్యా. తోడుకు రెండు చుక్కలు మజ్జిగ అడిగితే నాగశేషు పెండ్లాం తలుపేసుకునింది."

ఫోను పెట్టేసి బస్టాండుకు పరుగెత్తాను. మా ఊళ్లలో శత్రువుకైనా మజ్జిగ తోడు లేదనరు.

ఆటో దిగి చూద్దును కదా, ఊరంతా గడ్డే! భయపడి అందరూ వాములు పీకి ట్రాక్టర్లతో ఇళ్లకు తోలుకున్నారు. గడప ముందర గడ్డి, కరెంటు తీగ కింద గడ్డి, వంటింటి కిటికీ పక్కన గడ్డి. ఒక ముసలాయన గడ్డిమోపు మీదనే కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు. నిప్పును ఆపడానికి వచ్చిన నేను ఊరంతటికీ నిప్పు అంటుకునేలా ఏర్పాటు చేశాను. దొడ్డిలో మిగిలింది చిన్నమ్మ వామి ఒక్కటే. దాని పక్కన చిన్నమ్మ, ఎదురుగా ఊరు.

కంబగిరప్ప ఊరికి పెద్ద. నన్ను చూడగానే ముఖం వెలిగింది.

"రామ్మా. సదువుకున్నదానివి, సమయానికొచ్చినావు. ఈ గుడ్డలు కట్టినోళ్లెవురో నువ్వే కనుక్కోవల్ల" అంటూ కాగితంలో భద్రంగా చుట్టిన ఎర్ర పీలికను నా చేతిలో పెట్టాడు.

పీలికను అటూ ఇటూ తిప్పి చూశాను. ఎప్పుడూ చూడనట్టు చూశాను, సిగ్గులేకుండా. నోరు మూసుకుంటే తప్పించుకుంటాను. నిజం చెబితే తన్నులు ఖాయం. అప్పుడు చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నా బిడ్డ కనుక్కుంటాది లేన్నా" అంది. ఆ మాటకు నా ధైర్యం, నా తెలివి రెండూ ఒకేసారి కరిగిపోయాయి.

"నేనే కట్టినా మామా" అన్నాను.

నా మాటకు ముందుగా బదులిచ్చింది ఒక బర్రె. అంతా చెప్పాను: పరిశోధన, ప్రణాళిక, ఎర్రకు అర్థం, ఆకుపచ్చకు అర్థం. చెబుతూ ఏడ్చేశాను. చిన్నమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

కంబగిరప్ప గొంతు సవరించుకున్నాడు. "అది సరే. మాకు పగలుండాయని నీకెవురు చెప్పినారు?"

"అది చెప్పకూడదు మామా. నియమం." నాలుగు నెలల్లో నేను పాటించిన నియమం అదొక్కటే.

పదమూడు ఇళ్లవాళ్లూ నెమ్మదిగా చిన్నమ్మ వైపు తిరిగారు. ఆమె కొంగు బిగించింది.

"నేనే చెప్పినా. అబద్ధమేమన్నా ఉంటే చెప్పండి!"

వెనకనుంచి నాగశేషు, "నాకూ కంబగిరప్పన్నకూ మాటల్లేవని రాసినావా పాపా?" అన్నాడు.

"రాసినానన్నా."

"కొట్టేయ్. మూడు దినాలుగా ఆయన ట్రాక్టర్లోనే నా గడ్డి తోలుతాండా."

ఎవరో కిసుక్కున నవ్వారు. కంబగిరప్ప మాత్రం నవ్వలేదు. నా చేతిలోని ఎర్ర పీలిక లాక్కుని చిన్నమ్మ వామి దగ్గరికి పోయాడు. ఆకుపచ్చ గుడ్డ విప్పి పారేసి, దాని చోట ఎర్రది గట్టిగా ముడివేశాడు.

"నీ లెక్క తప్పు పాపా. ఈయమ్మకు పగోళ్లు లేరని ఎవురన్నారు? మా గుట్లన్నీ నీకు చెప్పినాక, పదమూడిండ్లోళ్లమూ పగోళ్లమే!"

దొడ్డంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది చిన్నమ్మే, కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి. సాయంత్రం నాగశేషు పెండ్లాం గిన్నెతో తోడు తెచ్చి, "ఇది కూడా రాసుకోమను మీ పాపను" అని చిన్నమ్మ చేతిలో పెట్టింది. పదమూడు వాములూ తిరిగి దొడ్డికి చేర్చడానికి నాలుగు రోజులు గడ్డి మోశాను. ఒళ్లంతా దురద, జడ నిండా గడ్డి.

కాబట్టి పాఠకులారా, ఆ దొడ్డిలోని పద్నాలుగు వాముల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మనుషులకు చెప్పకుండా వాళ్ల గడ్డిపోచనైనా ముట్టను. ఎవరికి పగవాళ్లున్నారో తేల్చడానికి ఇంకెప్పుడూ వాళ్లనే అడగను. మరీ ముఖ్యంగా, వాళ్లు మా చిన్నమ్మ అయితే.