చెట్టుకు పావడా

"వదినా, ఇది చూడు! ఎంత మెత్తగా ఉందో!"

ఆడపడుచు గుడ్డల దొంతరలోంచి తెల్లటి బొచ్చుగుడ్డ ఒకటి లాగి చెంపకు ఆనించుకుంది. గుండ్రంగా, మధ్యలో చిల్లితో ఉంది. క్రిస్మస్ చెట్టు అడుగున ఇనప కాళ్ళూ దీపాల తీగలూ కనపడకుండా చుట్టూ పరిచే గుడ్డ అది. అంగట్లో దాన్ని ట్రీ స్కర్టు అంటున్నారు. అన్నగారు మాత్రం పొద్దుట్నుంచీ "చెట్టుకు పావడా కొనడానికి ఇంటిల్లిపాదీ బయల్దేరాం" అని తనలో తనే నవ్వుకుంటున్నాడు.

"తెలుపొద్దు" అంది బస్సక్క.

అంత వెంటనే అనకుండా ఉండాల్సింది. ఆడపడుచు మొహం చిన్నబోయింది.

"ఎందుకొద్దు వదినా?"

"మాసిపోతుంది."

"ఉతుకుతాను."

"ఉతికితే బొచ్చు ఉండలు కడుతుంది. ఇదిగో, ఈ ఎర్రది తీసుకుందాం. పల్చగా, నేలకి అంటుకుని ఉంటుంది. చుట్టూ నల్లంచు కూడా ఉంది."

"గోనెపట్టాలా ఉంది వదినా! పాపకి ఇది మొదటి క్రిస్మస్. తెల్లగౌను వేసి, మంచులో కూర్చోబెట్టినట్టు ఫోటో తీసి వాళ్ళ నాన్నకి పంపాలని నా కోరిక."

పాప వాళ్ళ నాన్న ఓడలో పనిచేస్తాడు. పాప పుట్టాక ఒక్కసారే వచ్చి చూసుకుని వెళ్ళాడు. అందుకే తల్లీపిల్లా అన్నగారింట్లో ఉంటున్నారు. ఆ సంగతి ఎత్తాక ఇక ఎవరు మాత్రం కాదంటారు? అయినా బస్సక్క ఎర్రగుడ్డ వదల్లేదు. ఇంట్లో నేలంతా తెల్లటి పలకలు. వాటి మీద తెల్లగుడ్డ పరిస్తే అంచెక్కడో, నేలెక్కడో. 

"ఎర్రదే బావుంది" అంది మళ్ళీ. గొంతు కాస్త పెరిగింది. పక్కన దీపాల దండలు ఏరుకుంటున్నావిడ తిరిగి చూసింది.

బస్సక్క భర్త పాపను చంక మార్చుకుంటూ వచ్చాడు. "ఏమిటే నీ పంతం? బస్సు సీట్లకి తొడుగులు కొంటున్నావా, చెట్టుకి పావడా కొంటున్నావా? దాని సరదా దాన్ని తీర్చుకోనీ."

ఇంకొక్క మాటంటే "అసలు ఎందుకు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న రాకూడదు. బస్సక్క ఎర్రగుడ్డను మడిచి దొంతరలో పెట్టేసింది.

ఆమె ఊళ్ళో తిరిగే బస్సు నడుపుతుంది. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. ఆ దారిలో ఎక్కేవాళ్ళంతా అక్కా అక్కా అని పిలిచి పిలిచి, చివరికి ఇంట్లోనూ బంధువుల్లోనూ కూడా బస్సక్కే అయిపోయింది. బ్రేకు వేస్తే నిలబడ్డవాడి చేతిలో టీ తొణకదని ఆమెకు పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

పోయినేడు ఇదే రోజుల్లో పాత పావడా అంచు కాలికి తట్టుకుని, గుడ్డ చిరిగి, చెట్టు చెట్టంతా ఆమె మీద పడింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత మెట్ల దగ్గర మొదలైంది. దిగేటప్పుడు చివరి మెట్టు ఉందనుకుంటే ఉండదు, లేదనుకుంటే ఉంటుంది. ముక్కాలిపీటలు మోకాళ్ళకు తగిలేవి. ఎదురుగా చూస్తే అంతా స్పష్టమే. ఎంత దూరాన ఉన్న బోర్డయినా చదివేస్తుంది. కింద మాత్రం, కాళ్ళ దగ్గర, లోకం కొంచెం కొంచెంగా ఎవరో తినేస్తున్నట్టు తరిగిపోతోంది.

అదేమిటో ఆమెకు తెలుసు. తెలియదని అనుకోవడానికి వీల్లేనంత బాగా తెలుసు. వాళ్ళ నాన్నకు ఇలాగే మొదలైంది. ఆయన గుమ్మాలు తన్నుకున్నప్పుడల్లా అమ్మ "కళ్ళు నెత్తికెక్కాయా" అని తిట్టేది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆయనకు కూతురి మొహం నీడలా మిగిలింది. డిపోలో ఏటా కళ్ళ పరీక్ష చేస్తారు. గోడ మీది అక్షరాలు చదవమంటారు. బస్సక్క ఆఖరి వరస దాకా గడగడా చదివేసింది. అక్షరాలు గోడ మీద ఉంటాయి గాని నేల మీద ఉండవు కదా. సంతకం పెట్టి బయటికొచ్చి, బస్సు స్టీరింగు చక్రం పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

అంగడికి వెళ్ళొచ్చిన మర్నాడు, మార్కెట్టు స్టాపులో జనం ఎక్కారు, తలుపు మూసింది. అద్దాల్లోకి అటూ ఇటూ చూసి గేరు వేసింది. బస్సు ఇలా కదిలిందో లేదో, ముందు రేకు మీద ఎవరో దబదబా బాదారు. బ్రేకు తొక్కింది. ఆ రోజు అందరి చేతుల్లో ఉన్నవన్నీ తొణికాయి.

బస్సు ముందు నుంచి ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. ఊడిన చెప్పు సరిచేసుకుందామని అక్కడే వంగాడట.

"కళ్ళు కనపట్లేదా తల్లీ? నిండు మనిషిని!" అన్నాడు.

లోపల కూర్చున్నవాళ్ళు బస్సక్క తరఫున లేచారు. "బస్సు ముందు వంగుతారా ఎవరైనా? అక్క కాబట్టి ఆపింది, ఇంకొకరైతే నీ పని అయిపోయేది!" అని ఆయన్నే కసిరారు. ఆయన గొణుక్కుంటూ పోయాడు. బస్సక్క మళ్ళీ గేరు వేసింది. ఆ పూటంతా ఆవగింజంత సందు కూడా లేకుండా ఒకటే మాట బుర్రలో తిరిగింది: ఆయనదే తప్పు, ఆయనదే తప్పు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెట్టు నిలబెట్టేశారు. కింద తెల్లబొచ్చు పావడా పరిచి ఉంది. భర్త స్టూలెక్కి కొమ్మలకు దీపాలు చుడుతున్నాడు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి, సొంత ఇంట్లో గీజరు పాడై నెలవుతున్నా ముట్టుకోలేదు. పాప స్నానానికి నీళ్ళు పొయ్యి మీదే కాగుతున్నాయి.

"వదినా, నీళ్ళు మరుగుతున్నాయేమో చూడవూ? నేను తువ్వాలు తెచ్చుకుంటాను" అని ఆడపడుచు లోపలి గదిలోకి వెళ్ళింది.

బస్సక్క మసిగుడ్డతో గిన్నె దించింది. వంటింట్లోంచి స్నానాలగదికి పోవాలంటే చెట్టు పక్కనుంచే దారి. తెల్లగుడ్డ తట్టుకోకూడదని అడుగులో అడుగు వేసుకుంటూ, గోడవైపుకు జరిగి నడిచింది. రెండడుగులు వేసింది. మూడో అడుగు కింద మెత్తగా ఏదో నలిగింది.

పాప కెవ్వుమంది.

ఏం తొక్కిందో కాలికి తెలిసింది, కంటికి తెలియలేదు. ఆమె గిన్నెను ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గోడవైపు విసిరేసింది. మరిగిన నీళ్ళు గోడకు కొట్టుకుని ఆవిర్లు లేచాయి. కొన్ని ఆమె ముంజేతి మీద పడ్డాయి. అప్పుడు తల బాగా వంచి చూసింది. తెల్లగౌనులో, తెల్లగుడ్డ అంచున, పాప బోర్లా పడి చెయ్యి పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. నీళ్ళ చారిక పిల్ల పాదాలకు జానెడు దూరంలో ఆగింది.

భర్త స్టూలు మీంచి దూకి పాపను ఎత్తుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూశాడు. ఎర్రగా కమిలాయంతే. ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది.

"పాకే పిల్లని వదిలేసి పోతావా? బుద్ధుందా నీకు?" అని అరిచాడు చెల్లెలి మీద. "అంత గిన్నె అడ్డం ఉంటే మీ వదినకేం కనిపిస్తుంది?"

"నాదే తప్పన్నయ్యా. క్షణంలో వచ్చేద్దామనుకున్నా. వదినా, నీ చెయ్యి! అయ్యో, చెయ్యి కాలింది, నీళ్ళకింద పెట్టు!" ఆడపడుచు ఏడుస్తూనే బస్సక్కను కుళాయి దగ్గరకు లాక్కుపోబోయింది.

బస్సక్క కదల్లేదు. ఎంత సులువు! గిన్నె అడ్డమొచ్చింది. తప్పు ఇంకొకరు నెత్తినేసుకున్నారు. పొద్దున ముసలాయన మోసుకుపోయినట్టే ఇప్పుడు ఈ పిచ్చిపిల్ల మోస్తుంది. ఊరుకుంటే చాలు.

"గిన్నె అడ్డం కాదు" అంది.

"ఏమిటీ?"

"గిన్నె ఇటు పక్కకి పట్టుకున్నాను. పాప ఎదురుగానే ఉంది. నాకు కనిపించలేదు."

"కంగార్లో ఏదో..."

"కంగారు కాదండీ. నాకు కింద కనిపించదు. చాన్నాళ్ళ నుంచీ."

భర్త పాపను చెల్లెలికి అందించి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "నా మొహం చూడు" అన్నాడు. "కళ్ళు తిప్పకు. నా చెయ్యి కనిపిస్తోందా?"

"ఏ చెయ్యి?"

అతని చెయ్యి అప్పటికే ఆమె కడుపుకు ఎదురుగా, వేళ్ళు ఆడిస్తూ ఉంది. దాన్ని నెమ్మదిగా పైకి లేపాడు. గుండెల దాకా వచ్చాక గాని "ఆఁ, ఇప్పుడు" అని ఆమె అనలేదు.

అతని మొహంలో ముందు భయం, వెనకే కోపం వచ్చాయి. "లిఫ్టులో చిన్న కిర్రుమన్న చప్పుడు వస్తే చాలు, బోర్డు పెట్టేసి పురుగుని కూడా ఎక్కనివ్వను నేను. నువ్వు ఈ కళ్ళతో... రోజూ... అంతమందినా? నాతో కూడా చెప్పలేదు!"

"చెబితే బస్సు ఆపేయమంటారు."

"అంటాను! అనకుండా ముద్దు పెట్టుకుంటానా?"

ఆమె నేలమీద కూలబడి, చాలాకాలం తర్వాత, నోరారా ఏడ్చింది. కాలిన చేతికి ఆడపడుచు తడిగుడ్డ చుడుతూనే ఉంది.

మర్నాడు డ్యూటీ వేళకు ముందే డిపోకు వెళ్ళింది. మేనేజరు అంతా విని, తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

"పండగ రద్దీ అక్కా. మనుషులు చాలట్లేదు. పరీక్షలో పాసయ్యావు కూడానూ. ఈ నాలుగు రోజులూ ఎలాగోలా లాగించెయ్. తర్వాత తీరిగ్గా సెలవు పెట్టుకుందువుగాని. ఈ లోపల ఈ మాట ఎవరితోనూ అనకు."

అతను చెడ్డవాడు కాదు. అతని తలనొప్పి అతనిది. ఆమె మనసు కూడా ఒక్క క్షణం అటు మొగ్గింది. ఇంకా నాలుగు రోజులు ఆ చక్రం పట్టుకోవచ్చు. కానీ కాలి కింద మెత్తగా నలిగినది ఇంకా అరికాలికి తెలుస్తూనే ఉంది.

"నిన్న మార్కెట్టు స్టాపులో ఒకాయన్ని చంపేసేదాన్ని సార్" అంది. "ఆయన రేకు మీద కొట్టబట్టి బతికాడు." తాళం చెవి బల్లమీద పెట్టి, అతను మళ్ళీ ఏదో అనేలోపు బయటికొచ్చేసింది.

కళ్ళాసుపత్రిలో తెల్లటి గిన్నెలాంటి యంత్రంలోకి మొహం పెట్టించారు. చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. యంత్రం టిక్కుటిక్కుమంటూనే ఉంది, చుక్కలు మాత్రం చాలాసేపు కనిపించేవి కావు. ఆ ఖాళీ టిక్కులు వింటూ, మోసం చేసి నొక్కేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చిందామెకు. నొక్కలేదు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందని డాక్టరమ్మ చెప్పింది. "పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. మీ నాన్నగారికన్నా ముందే వచ్చారు, అది మంచిదయింది. రోజూ కంట్లో చుక్కల మందు మానకండి. బస్సు మాత్రం ఇక వద్దు."

ఆ సాయంత్రం ఆడపడుచు తెల్ల పావడా అంగట్లో ఇచ్చేసి, చంకలో మడిచిన నాలుగు వేరే పావడాలతో తిరిగొచ్చింది. నచ్చనివి రేపు తిరిగిచ్చేస్తానని ఒప్పించుకుందట. ఒక్కొక్కటే చెట్టు కింద పరిచి, "వదినా, నడువు" అంది.

ఆకుపచ్చది నీడలో కలిసిపోయింది. వెండిరంగుది దీపాల వెలుగుకు తళతళమని ఇంకా గందరగోళం చేసింది. కుచ్చులున్న దాని అంచు కాలివేలికి తగిలింది. చివరికి నల్లంచు ఎర్రది పరిచారు. బస్సక్క గది ఆ చివర నుంచి తల కాస్త వంచి నడిచి వచ్చింది. నల్లటి గీత దూరం నుంచే కనిపించింది. దాని ముందు సరిగ్గా ఆగింది.

"గోనెపట్టాలా ఉందన్నావుగా?" అంది.

"ఉంటే ఉంది" అంది ఆడపడుచు. "పాపని నా ఒళ్ళో పెట్టుకుని తీయించుకుంటాను ఫోటో."

పండగ వెళ్ళాక డిపోలో ఆమెకు కొత్తగా చేరినవాళ్ళకు బండి నేర్పే పనిచ్చారు. నడిపేది వాళ్ళు, పక్కన కూర్చుని బ్రేకు ఎప్పుడు ఎంత తొక్కాలో చెప్పేది ఈమె. మొదటి వారం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో వారం, ఒకడు బండిని గుర్రంలా ఎగిరించాడని చెబుతూ అన్నం తింది.

భర్తతో మాత్రం రోజూ మెట్ల దగ్గర గొడవే. ఆమె దిగుతుంటే ముందు నడుస్తూ, "ఇంకో మెట్టు, ఇంకో మెట్టు" అంటూ ఉంటాడు.

"మీరు నోరు మూసుకుంటే నేను బాగానే దిగుతాను" అంటుందామె, మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుని.

అతను నోరు మూసుకోడు. ఆమె కమ్మీ వదలదు. అలా దిగుతారు ఇద్దరూ.